సొంతింటికి పగుళ్లొస్తే బాధ్యత ఎవరిది..? మాకవరపాలెం లాంటి ఊళ్లలో బిల్డర్‌పై ఫిర్యాదు ఎక్కడ చేయాలి?

ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్నారు పెద్దలు. కానీ ఇప్పుడు అసలు కష్టం ఇల్లు కట్టాక మొదలవుతోంది. గృహప్రవేశమై ఏడాది తిరగకుండానే స్లాబు నుంచి నీరు కారడం, గోడలకు బీటలు రావడం, బాత్‌రూమ్ పక్క గది గోడంతా చెమ్మ పట్టడం.. ఇలాంటి ఫిర్యాదులు ఊరూరా వినిపించేవే. కాంట్రాక్టర్‌కు ఫోన్ చేస్తే మొదట్లో "వచ్చి చూస్తా" అంటారు. తర్వాత "అది ప్లాస్టరింగ్ పగులే, ఏం కాదు" అంటారు. ఆ తర్వాత ఫోన్ ఎత్తరు.

అనకాపల్లి జిల్లా నర్సీపట్నం డివిజన్‌లోని మాకవరపాలెం లాంటి మండల కేంద్రాల్లో ఈ సమస్యకు ఇంకో చిక్కు కూడా ఉంది. సిటీలో అపార్ట్‌మెంట్ కొన్నవాళ్లకు రెరా చట్టం అండగా ఉంది. మరి పల్లెలో సొంత స్థలంలో, సొంత డబ్బుతో ఇల్లు కట్టించుకున్నవాళ్ల పరిస్థితి ఏంటి? వాళ్ల ఫిర్యాదు ఎవరు వింటారు? చట్టం ఉంది, దారి కూడా ఉంది. అయితే ఆ దారి ఎక్కడ మొదలవుతుందో చాలామందికి తెలియదు. తెలిసేలోపు గడువు దాటిపోతోంది.

లైసెన్స్ ఉందన్నారు.. దేనికి లైసెన్స్?

"ఆయనకు లైసెన్స్ ఉంది, భయం లేదు" అనే మాట ఇల్లు కట్టించేవాళ్లు తరచూ వింటారు. ఇక్కడే మొదటి పొరపాటు జరుగుతోంది. ఆంధ్రప్రదేశ్‌లో భవన నిర్మాణ అనుమతుల వ్యవస్థలో కనిపించే లైసెన్స్‌డ్ టెక్నికల్ పర్సన్.. అంటే ఎల్‌టీపీ.. ప్రధానంగా ప్లాన్‌కు సంబంధించిన వ్యక్తి. నిబంధనల ప్రకారం ప్లాన్ గీయడం, ఆన్‌లైన్‌లో దరఖాస్తు పెట్టడం, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఎంత ఎత్తు కట్టాలి అన్నవి సరిచూడటం ఆయన పని. ఎత్తు తక్కువగా ఉండే భవనాలకు 2025లో సెల్ఫ్ సర్టిఫికేషన్ విధానం కూడా వచ్చింది. దీంతో ఎల్‌టీపీల బాధ్యత ఇంకా పెరిగింది.

కానీ స్లాబు వేసిన రోజు సిమెంటు పాళ్లు సరిగ్గా పడ్డాయా? ఇనుము మీద ఎంత మందం కాంక్రీటు వచ్చింది? ఎన్ని రోజులు నీళ్లు కొట్టారు? ఈ ప్రశ్నలకు ప్లాన్ అనుమతిలో జవాబు దొరకదు. పంచాయతీ చూసేది ప్లానే. ఇక బ్యాంకు హోమ్‌లోన్ ఇచ్చేటప్పుడు ఇంజినీర్‌ను పంపుతుంది కదా అనుకోవచ్చు. ఆయన ప్రధానంగా చూసేది పని ఎంతవరకు వచ్చింది, ఇచ్చే అప్పుకు ఆస్తి సరిపోతుందా అనేది. అంటే అందరూ వచ్చి చూస్తారు, కానీ పని నాణ్యతకు పూచీ మాత్రం ఎవరూ ఇవ్వరు. ఆ పూచీ తీసుకోవాల్సింది కట్టిన వ్యక్తే.

రెరా ఎందుకు పనికిరాదు?

రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం 2016లో వచ్చింది. 2017 మే 1 నుంచి పూర్తిగా అమల్లో ఉంది. ఇందులోని 14వ సెక్షన్ మూడో సబ్ సెక్షన్ ఇళ్లు కొన్నవాళ్లకు పెద్ద ఆయుధం. ఇల్లు చేతికిచ్చిన తేదీ నుంచి ఐదేళ్లలోపు నిర్మాణ లోపం గానీ, పనితనంలో లోపం గానీ, నాణ్యతలో లోపం గానీ బయటపడితే.. కొనుగోలుదారు చెప్పిన 30 రోజుల్లో బిల్డర్ తన సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే పరిహారం కట్టాలి.

అయితే ఈ రక్షణ "అలాటీ"కి మాత్రమే. అంటే ప్రమోటర్ దగ్గర ఫ్లాటో, విల్లానో, ప్లాటో కొన్నవాళ్లకు. అందులోనూ స్థలం 500 చదరపు మీటర్లు మించని ప్రాజెక్టులకు, లేదా ఎనిమిది ఫ్లాట్లు మించని ప్రాజెక్టులకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. సొంత స్థలంలో మేస్త్రీతోనో, కాంట్రాక్టర్‌తోనో కట్టించుకున్న వ్యక్తి అసలు అలాటీ కిందకే రారు. ఆయన ఏమీ కొనలేదు, కట్టించుకున్నారంతే.

ఫలితం ఏంటంటే.. విశాఖలో పెద్ద అపార్ట్‌మెంట్‌లో ఫ్లాట్ కొన్న వ్యక్తికి ఐదేళ్ల హామీ. అదే డబ్బు పెట్టి మాకవరపాలెంలో సొంతిల్లు కట్టించుకున్న వ్యక్తికి చట్టం రాసిచ్చిన హామీ సున్నా.

మరి దారి ఎక్కడుంది?

వినియోగదారుల కమిషన్. ఇక్కడ అనుమానం అక్కర్లేదు. ఇంటి నిర్మాణం అనే పదాన్ని 1993 సవరణతోనే వినియోగదారుల రక్షణ చట్టంలో "సేవ" నిర్వచనంలో చేర్చారు. 2019లో వచ్చిన కొత్త చట్టంలోనూ ఆ మాట అలాగే ఉంది. 1993 నవంబర్‌లో లక్నో డెవలప్‌మెంట్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చి చెప్పింది. ఇల్లు కట్టి ఇవ్వడం సేవే. కట్టేది ప్రభుత్వ సంస్థ అయినా, ప్రైవేటు బిల్డర్ అయినా లోపం ఉంటే జవాబు చెప్పాల్సిందేనని స్పష్టం చేసింది.

సొంత స్థలం యజమానులకు ఇంకా దగ్గరగా ఉండే తీర్పు 2008 జులైలో వచ్చింది. ఢిల్లీకి చెందిన ఒక స్థల యజమాని ఉప్పల్ ఏజెన్సీస్ అనే బిల్డింగ్ సంస్థపై వేసిన కేసు అది. యజమాని స్థలం ఇచ్చారు. బిల్డర్ కట్టి ఇచ్చారు. కట్టిన దాంట్లో కొంత బిల్డర్ వాటా. నిర్మాణంలో తేడాలున్నాయని యజమాని కమిషన్‌కు వెళ్తే, "మేమిద్దరం భాగస్వాములం, ఆయన వినియోగదారుడు కాదు" అని బిల్డర్ వాదించారు. సుప్రీంకోర్టు ఆ వాదన ఒప్పుకోలేదు. బిల్డర్ కట్టి ఇచ్చే సేవ పొందుతున్నారు కాబట్టి స్థల యజమాని కూడా వినియోగదారుడేనని చెప్పింది.

తెలుగు నేల నుంచి వెళ్లిన కేసు కూడా ఒకటి ఉంది. హైదరాబాద్‌కు చెందిన నార్నే కన్‌స్ట్రక్షన్స్ కేసు. అది ఇళ్ల గురించి కాదు, లేఅవుట్లలో ప్లాట్ల గురించి. ప్లాటు అమ్మడం సేవ ఎలా అవుతుందని కంపెనీ ప్రశ్నించింది. హైకోర్టులో ఓడి సుప్రీంకోర్టుకు వెళ్లింది. రోడ్లు, డ్రైన్లు వేసి అభివృద్ధి చేసి ఇస్తామని చెప్పి అమ్మితే అది సేవేనని 2012 మే 10న సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. ఖాళీ ప్లాటు విషయంలోనే చట్టం అంత దూరం వెళ్లినప్పుడు, నిలబడి ఉన్న ఇంటి విషయంలో "నాకు సంబంధం లేదు" అనడం కాంట్రాక్టర్‌కు కుదరదు.

ఇక్కడో మెలిక ఉంది.. చూసుకోవాలి

పల్లెల్లో ఇల్లు కట్టించే పద్ధతులు ప్రధానంగా మూడు. ఒకటి, మెటీరియల్‌తో సహా చదరపు అడుగుకు ఇంత అని కాంట్రాక్టు. రెండు, సిమెంటు, ఇనుము, ఇసుక, పిక్క యజమాని తెచ్చిస్తే కూలి మొత్తం కాంట్రాక్టర్‌ది. మూడు, యజమానే దగ్గరుండి మేస్త్రీని, కూలీలను రోజుకూలికి పెట్టుకోవడం.

మొదటి రెండూ కమిషన్ ముందు నిలబడతాయి. మూడోదే ఇబ్బంది. యజమాని చెప్పినట్టు, యజమాని కనుసన్నల్లో పనిచేసే మనిషితో ఉన్నది "వ్యక్తిగత సేవ" ఒప్పందం అవుతుంది. దాన్ని వినియోగదారుల చట్టం సేవ నిర్వచనం నుంచి తప్పించింది. అంటే రోజుకూలి మేస్త్రీపై కమిషన్‌లో కేసు గెలవడం కష్టం. పైగా న్యాయంగా చూసినా, రోజుకు ఇంత అని తీసుకున్న మనిషి మీద లక్షల భారం వేయడం సబబు కాదు.

రెండో పద్ధతిలోనూ గొడవ ఉంది. "ఇసుకలో మట్టి ఉంది, నేను ముందే చెప్పాను, యజమాని వినలేదు" అని కాంట్రాక్టర్ అంటారు. "కలిపింది నువ్వే కదా" అని యజమాని అంటారు. కాగితం లేకపోతే ఇద్దరి మాటా ఒకటే.

కాంట్రాక్టర్ల వాదన కూడా వినాలి

తప్పంతా ఒకవైపే ఉండదు. పిల్లర్లు లేచాక పైన ఇంకో అంతస్తు కావాలనేవాళ్లు ఉంటారు. వాస్తు పేరుతో కట్టిన గోడ కొట్టించి, తలుపు జరిపించేవాళ్లు ఉంటారు. బిల్లు ఆపేస్తే పని ఆగుతుంది, పని ఆగితే బయటికి వదిలిన చువ్వలు తుప్పు పడతాయి. స్లాబు పోశాక నీళ్లు కొట్టే బాధ్యత ఎవరిదో ముందు మాట్లాడుకోకపోవడంతో ఎవరూ కొట్టని సందర్భాలూ ఉంటాయి. కమిషన్ ముందు ఇవన్నీ బయటికొస్తాయి. యజమాని చేయించిన మార్పు వల్లే లోపం వచ్చిందని తేలితే ఆ మేరకు పరిహారం తగ్గుతుంది, ఒక్కోసారి కేసే పోతుంది.

పగులు చూపిస్తే సరిపోదు.. కారణం చూపించాలి

చాలా ఫిర్యాదులు వీగిపోయేది ఇక్కడే. ఫొటోలో పగులు కనిపిస్తుంది. అది ఎందుకొచ్చిందో కనిపించదు. ప్లాస్టరింగ్‌లో వెంట్రుకవాసి గీతలు ఎండకు, ఆరిపోవడం వల్ల రావచ్చు. అవి ఇంటికి ప్రమాదం కాదు. బీముకు వాలుగా వచ్చిన పగులు, రోజురోజుకూ వెడల్పవుతున్న పగులు, స్లాబు అడుగున పెచ్చులూడి తుప్పు పట్టిన ఇనుము బయటపడటం.. ఇవి వేరు.

దీనికి కొలబద్ద ఉంది. కాంక్రీటు పనికి దేశమంతా పాటించే ప్రమాణం ఐఎస్ 456. అందులోని మాటలు సామాన్యులకూ అర్థమయ్యేవే.

* స్లాబు పోశాక సాధారణ సిమెంటు అయితే కనీసం ఏడు రోజులు తడి ఆరకుండా చూడాలి. బ్లెండెడ్ సిమెంటు అయితే కనీసం పది రోజులు. ఇప్పుడు మార్కెట్లో ఎక్కువగా దొరికే పీపీసీ ఈ రెండో రకమే.
* గోడ నుంచి గోడకు నాలుగున్నర మీటర్ల లోపు ఉన్న స్లాబుకు కింద పోట్లు కనీసం ఏడు రోజులు ఉంచాలి. అంతకుమించితే 14 రోజులు.
* స్లాబులో ఇనుము మీద కనీసం 20 మిల్లీమీటర్ల కాంక్రీటు కప్పు ఉండాలి. పిల్లర్లకు సాధారణంగా 40.
* కాంక్రీటు బలాన్ని 28 రోజుల తర్వాత 150 మిల్లీమీటర్ల క్యూబులతో పరీక్షిస్తారు.

సెంట్రింగ్ సామాను ఇంకో సైటుకు కావాలని నాలుగో రోజే పోట్లు తీసేస్తే, దాని ఫలితం రెండేళ్ల తర్వాత పైకప్పులో కనిపిస్తుంది. కట్టడం అయిపోయాక కూడా దీన్ని తేల్చే పరీక్షలున్నాయి. రీబౌండ్ హ్యామర్, అల్ట్రాసోనిక్ పరీక్ష, కాంక్రీటు ముక్క తీసి పరీక్షించే కోర్ టెస్ట్. ఇంజినీరింగ్ కాలేజీల సివిల్ విభాగాల్లోనూ, గుర్తింపు ఉన్న ల్యాబుల్లోనూ వీటిని చేస్తారు.

పరీక్ష ఎంత పెద్ద తేడా తెస్తుందో గురుగ్రామ్‌లోని చింటెల్స్ పారడైసో ఉదంతం చూపించింది. 2022 ఫిబ్రవరి 10న అక్కడ ఒక టవర్‌లో ఆరో అంతస్తు నుంచి కింది వరకు పైకప్పులు కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. ఐఐటీ ఢిల్లీ నిపుణులు పరీక్షించి కాంక్రీటులో క్లోరైడ్ ఎక్కువగా ఉందని, ఇనుము తుప్పు పట్టడానికి అదే కారణమని చెప్పారు. అప్పటిదాకా "మరమ్మతు పనుల్లో జరిగిన పొరపాటు"లా కనిపించింది కాస్తా కట్టడంలోని లోపంగా తేలింది.

నాణ్యత అనేది కేవలం డబ్బు గొడవ కాదని ఉత్తరాంధ్రకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కుప్పకూలి 61 మంది చనిపోయారు. వాళ్లలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి పనికి వెళ్లిన కూలీలు ఎంతోమంది.

ఫిర్యాదు ఎలా..? ఎంత ఖర్చవుతుంది?

ముందుగా కాంట్రాక్టర్‌కు రాతపూర్వక నోటీసు. రసీదు వచ్చేలా పోస్టులో పంపాలి. ఏ గదిలో ఏ లోపం, ఎప్పుడు కనిపించింది, ఎన్ని రోజుల్లో సరిచేయాలి.. అన్నీ రాయాలి. జవాబు రాకపోయినా, రసీదే మొదటి సాక్ష్యం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు కూడా ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయవచ్చు.

తర్వాత కమిషన్. ఇంటికి కాంట్రాక్టర్‌కు చెల్లించిన మొత్తం 50 లక్షల రూపాయల వరకు ఉంటే జిల్లా కమిషన్‌కే వెళ్లాలి. 50 లక్షలు దాటి 2 కోట్ల వరకు రాష్ట్ర కమిషన్. ఇక్కడ చూసేది అడిగే పరిహారం కాదు, చెల్లించిన డబ్బు. ఫీజు విషయానికొస్తే 5 లక్షల వరకు ఏమీ లేదు. 10 లక్షల వరకు 200 రూపాయలు. 20 లక్షల వరకు 400. 50 లక్షల వరకు 1000 రూపాయలు. లాయర్ తప్పనిసరి కాదు, సొంతంగా వాదించుకోవచ్చు.

2019 చట్టం తెచ్చిన పెద్ద మార్పు ఏంటంటే, ఫిర్యాదుదారు నివసించే చోటే కేసు వేయవచ్చు. కాంట్రాక్టర్ ఎక్కడివాడైనా సరే, ఆయన ఊరి చుట్టూ తిరగక్కర్లేదు. 2025 జనవరి 1 నుంచి ఈ-జాగృతి పోర్టల్ కూడా వచ్చింది. ఫోన్‌లోనే ఫిర్యాదు దాఖలు చేసుకునే వీలుంది.

నోటీసు అందాక కాంట్రాక్టర్ 30 రోజుల్లో జవాబు దాఖలు చేయాలి. కమిషన్ ఇంకో 15 రోజులు ఇవ్వగలదు. అంతే. ఆ 45 రోజులు దాటితే ఒక్క రోజు కూడా పొడిగించే అధికారం కమిషన్‌కు లేదని 2020 మార్చి 4న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. "గొడవలొస్తే ఆర్బిట్రేషన్‌కే వెళ్లాలి" అని అగ్రిమెంట్‌లో రాసుకున్నా కమిషన్ తలుపు మూసుకోదు. ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో 2018లోనే ఆ విషయం తేలిపోయింది.

కమిషన్ ఏమివ్వగలదు? లోపం సరిచేయమని ఆదేశించగలదు. డబ్బు వెనక్కి ఇప్పించగలదు. నష్టపరిహారం, ఖర్చులు ఇప్పించగలదు. ఆదేశం పాటించకపోతే నెల నుంచి మూడేళ్ల వరకు జైలు, 25 వేల నుంచి లక్ష వరకు జరిమానా, లేదా రెండూ వేయగలదు. కాంట్రాక్టర్ అప్పీలుకు వెళ్లాలంటే తీర్పులో చెప్పిన మొత్తంలో సగం ముందే డిపాజిట్ చేయాలి.

కాగితం మీద మూడు నెలల్లో, పరీక్షలు అవసరమైతే ఐదు నెలల్లో తేల్చాలని చట్టం చెబుతోంది. ఆచరణలో మాత్రం అంతకంటే ఎక్కువ కాలమే పడుతుంది. అది మనసులో పెట్టుకునే దిగాలి.

అసలు ప్రమాదం.. రెండేళ్ల గడువు

వినియోగదారుల చట్టంలో ఫిర్యాదుకు గడువు, సమస్య తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. ఆలస్యానికి సరైన కారణం చూపిస్తే కమిషన్ మన్నించవచ్చు. కానీ అది హక్కు కాదు. "వచ్చే వేసవిలో చేయిస్తా", "దసరా తర్వాత మనుషుల్ని పంపుతా" అనే మాటలు నమ్ముతూ కూర్చుంటే గడువు కరిగిపోతుంది. ఇంటికి అసలు పరీక్ష పెట్టేది వానాకాలం. తొలి వానలకు బాగానే ఉన్న స్లాబు రెండో ఏడాది కారొచ్చు, మూడో ఏడాది పెచ్చులూడొచ్చు. అప్పుడు "ఇల్లు అప్పగించి మూడేళ్లయింది" అని కాంట్రాక్టర్ తప్పుకోవాలని చూస్తారు. లోపం కనిపించిన రోజు నుంచే లెక్క అని యజమాని నిరూపించుకోవాలి. కాబట్టి లోపం మొదటిసారి కనిపించిన రోజే ఫొటో, వీడియో తీసి కాంట్రాక్టర్‌కు వాట్సాప్‌లో పంపడం చాలా ముఖ్యం. ఆ మెసేజ్ తీసేయకూడదు, ఆ ఫోనూ అమ్మేయకూడదు.

అగ్రిమెంట్ లేదని వెనకడుగు వేయక్కర్లేదు. నోటిమాట ఒప్పందం కూడా ఒప్పందమే. బ్యాంకు ట్రాన్స్‌ఫర్లు, ఫోన్‌పే చెల్లింపులు, సిమెంటు షాపు బిల్లులు, స్లాబు రోజు తీసిన ఫొటోలు.. ఇవన్నీ సాక్ష్యాలే. అయితే లక్షలన్నీ నగదుగా చేతిలో పెట్టి, డైరీలో అంకె రాసుకున్నవాళ్లకు మాత్రం కష్టమే.

కట్టించే ముందే ఇవి చేస్తే..

ప్రభుత్వ పనుల్లో ఒక పద్ధతి ఉంది. కాంట్రాక్టర్ బిల్లులో కొంత శాతం ఆపి ఉంచుతారు. లోపాల బాధ్యతా కాలం గడిచాకే ఇస్తారు. ఇదే పద్ధతిని సొంతింటికీ వాడుకోవచ్చు. చివరి ఐదు శాతం డబ్బు ఒక వానాకాలం గడిచాక ఇస్తానని ముందే రాసుకోవాలి. రెరాలోని ఐదేళ్ల హామీ చట్టప్రకారం రాకపోయినా, అగ్రిమెంట్‌లో రాసుకుంటే ఒప్పందంగా వస్తుంది. వంద రూపాయల స్టాంపు కాగితం మీద నాలుగు మాటలు చాలు. ఏ బ్రాండ్ సిమెంటు, ఏ గ్రేడ్ ఇనుము, ఎన్ని రోజులు క్యూరింగ్ ఎవరు చేయాలి, ఎన్నేళ్లు ఎవరి పూచీ.

నిజాయితీగా పనిచేసే మేస్త్రీకి దీనివల్ల నష్టమేమీ లేదు. పైగా "అన్నీ చెప్పాను, వినలేదు" అనడానికి ఆయనకూ ఆధారం ఉంటుంది.

చట్టంలోని ఖాళీ

వ్యక్తులు దారి వెతుక్కోవచ్చు. కానీ అసలు ప్రశ్న అలాగే ఉంది. ఎక్కువమంది బతుకుతున్నది సొంత స్థలంలో కట్టుకున్న ఇళ్లలోనే. ఆ ఇళ్లు కట్టే కాంట్రాక్టర్‌కు నైపుణ్య పరీక్ష లేదు, ఐదేళ్ల పూచీ లేదు, లోపం చూసి చెప్పే ప్రభుత్వ ఇంజినీర్ మండలంలో అందుబాటులో లేరు. లోపం నిరూపించే ఖర్చంతా నష్టపోయినవాళ్లదే. కోర్ టెస్ట్‌కు, ఇంజినీర్ నివేదికకు అయ్యే డబ్బు కమిషన్ ఫీజు 400 రూపాయల కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. ఫీజు తగ్గించారు సరే, సాక్ష్యం సంగతేంటి? మండల స్థాయిలో నామమాత్రపు రుసుముకు తనిఖీ చేసి నివేదిక ఇచ్చే ఏర్పాటు ఒక్కటి ఉన్నా, సగం గొడవలు కేసుదాకా వెళ్లకుండానే తేలిపోతాయి.

అది వచ్చేదాకా మాకవరపాలెంలో అయినా, మరో ఊళ్లో అయినా ఇంటి యజమాని గుర్తుపెట్టుకోవాల్సింది ఇదే.. స్లాబు పోసిన రోజు ఫొటో, డబ్బిచ్చిన ప్రతిసారీ రసీదు, మొదటి పగులు కనిపించిన రోజే నోటీసు. మరమ్మతు మాటలకు ఎదురుచూస్తూ రెండేళ్లు గడిపేస్తే, ఆ తర్వాత గోడ ఎంత బీట ఇచ్చినా వినేవాళ్లు దొరకడం కష్టం.